సుద్ద మీద తడి మచ్చ

పదకొండు నెలలుగా ఆ షెడ్డు గడప తొక్కని మనిషి తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. చంకలో పాత రేకు డబ్బా. మూత చుట్టూ తెల్లటి పొడి. మనిషి మొహం కంటే ముందు ఆ డబ్బానే గుర్తుపట్టింది చిట్టి.

“మావయ్యా!”

“అరవకు. గొట్టాలు చూసి పోతాను.”

రేపు పొద్దున పదింటికి కారు తనిఖీ. నెగ్గితే ఎల్లుండి పరుగు. పరుగంటే నాలుగు వందల మీటర్లు, ఆరు సెకన్లు, సూటిగా ఒకే గీత. పోయినేడు ఇదే కారులో ముగింపు గీత దాటిన అన్నయ్య రెండు చేతులూ కాల్చుకుని బయటికి వచ్చాడు. ఇంధనం గొట్టం జాయింటు వదులైందని రాసి సంతకాలు పెట్టారు ట్రాక్ వాళ్ళు. ఆ జాయింటు బిగించింది అమ్మ తోడబుట్టిన ఈ మావయ్యే. ఆ రోజు నుంచి ఆయన స్పానర్ ముట్టలేదు. ఇప్పుడు ఆ సీట్లో కూర్చోబోయేది చిట్టి. ట్యాంకు, పంపు, గొట్టాలు అన్నీ మూడు వారాలు కూర్చుని కొత్తగా తనే అమర్చుకుంది. ఒక్కసారి వచ్చి చూడమని రెండుసార్లు ఇంటికి వెళితే మావయ్య తలుపు తీయలేదు.

అలాంటి మనిషి తనంతట తనే వచ్చాడు.

“ఎవరైనా చెప్పారా రమ్మని?”

“ఎవరో చెబితేగానీ రాకూడదా నేను?” గోడ మీద వరసగా కొట్టిన మేకుల వైపు ఒకసారి చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు. “మీ అన్నయ్య ఏడీ?”

“గాస్కెట్లు తెస్తానని పొద్దుననగా పోయాడు. గాస్కెట్లు తయారు చేయించి తెస్తున్నట్టున్నాడు.”

మావయ్య నవ్వలేదు. డబ్బా బల్ల మీద పెట్టి కారు దగ్గరికి నడిచాడు.

ఎర్రకారు షెడ్డు ఈ మూల నుంచి ఆ మూల దాకా పడుకుని ఉంది. ముందు సన్నటి ముక్కు, మధ్యలో ఒక్క మనిషి ఇరుక్కునే గూడు, వెనక ఆ మనిషి వీపుకి ఆనుకుని ఇంజను. ఇంధనం ఉండేది ముక్కులో, మండాల్సింది వెనక. ముక్కులోంచి వెనక్కి పద్నాలుగు అడుగుల గొట్టం, డ్రైవర్ పక్కనుంచే వెళ్ళాలి. ఆ పద్నాలుగు అడుగుల్లోనే ఉంది చిట్టి ప్రాణం.

మావయ్య మోకాళ్ళ మీద కూర్చుని ట్యాంకు మీద అరచెయ్యి వేశాడు. డాక్టరు పొట్ట నొక్కి చూసినట్టు నొక్కాడు.

“లోపల?”

“రబ్బరు సంచి మావయ్యా. సంచి నిండా స్పాంజి. రేకు చిరిగినా ఒక్కసారిగా ఒలికిపోదు.”

“కారు బోర్లా పడితే?”

“గాలి పోయే గొట్టంలో చిన్న గోళీ ఉంది. తిరగబడగానే అది జారి మూసేస్తుంది.”

“ఇంజను ఆగిపోతే?”

“ఆయిల్ ఒత్తిడి పడిపోగానే పంపుకి కరెంటు కట్. నేనేమీ నొక్కక్కర్లేదు.”

“ఇంధనం ఒత్తిడి చూపే గేజి నీ కళ్ళ ముందు పెట్టుకోలేదేం?”

“పెట్టుకుంటే ఇంధనం నా కాళ్ళ దగ్గరికి రావాలి. అందుకే ముక్కు బయట బిగించాను. నాకు కనపడకపోయినా ఫరవాలేదు, నా ఒళ్ళో కారకపోతే చాలు.”

“ఊఁ.”

చిట్టి గుండె ఒక గంతు వేసింది. మావయ్య నోట ‘ఊఁ’ అంటే మెడల్ కింద లెక్క. ఆయన చేతి కింద ఇరవై ఏళ్ళు పనిచేసిన వాళ్ళు కూడా దాన్ని వేళ్ళ మీద లెక్కపెట్టుకునేవాళ్ళు.

“అన్నీ పనిచేస్తాయి సరే. నువ్వు భయపడితే?”

“ఎడమ మోకాలి పక్కన పిడి. ఒక్క గుద్దు గుద్దితే ఇంధనం బంద్. కళ్ళు మూసుకుని వందసార్లు గుద్ది చూసుకున్నాను.”

“ఎక్కి కూర్చో. కళ్ళు మూసుకో.”

కూర్చుంది. మూసుకుంది. నిశ్శబ్దం. పది సెకన్లు, ఇరవై... ఈయన వెళ్ళిపోయాడా ఏం అని అనుకుంటుండగా చెవి పక్కన రేకు డబ్బా ధనామని మోగింది. కళ్ళు తెరిచేసరికి తన ఎడమ పిడికిలి పిడి మీదే ఉంది. పిడి అడుగుదాకా దిగి ఉంది.

“నూట ఒకటి,” అన్నాడు మావయ్య. పెదవి చివర ఏదో కదిలింది. నవ్వు కాదుగానీ, నవ్వుకి దగ్గర చుట్టం.

అప్పుడు చూశాడు గొట్టాన్ని.

చూసి, ముక్కు నుంచి ఇంజను దాకా దాని వెంట చూపు నడిపాడు. తర్వాత నిజంగానే నవ్వాడు. పదకొండు నెలల తర్వాత మొదటిసారి, భుజాలు ఊగేలా.

“ఏంటే ఇది? ఇంటికి వెల్ల వేసినట్టు వేశావు!”

చిట్టి మొహం ఎర్రబడింది. పద్నాలుగు అడుగుల గొట్టానికి ఈ చివర నుంచి ఆ చివర దాకా కుంచెతో సుద్ద పూసింది. ఒక్క అంగుళం కూడా వదల్లేదు.

మావయ్య పద్ధతి అది. ఆ వరసలోని షెడ్లన్నిటికీ ఆయన సుద్దమావయ్య. మెత్తటి సుద్దపొడిని నీళ్ళలో కలిపి జాయింటు మీద పూస్తాడు. ఆరాక గొట్టంలోకి కిరసనాయిలు ఎక్కించి ఒత్తిడి పెడతాడు. కంటికి ఆనని సందు ఉన్నా కిరసనాయిలు పాకుతూ బయటికి వస్తుంది, తెల్లటి సుద్ద మీద బూడిదరంగు మచ్చ వేస్తుంది. కారు ఇంధనమైన మెథనాల్‌తో ఈ పని జరగదు. అది బయటికి వచ్చీరాగానే ఆవిరైపోతుంది, జాడ చెప్పదు.

“జాయింటుకి పూయాలే, జాయింటుకి! గొట్టం మధ్యలో ఎందుకు కారుతుంది? నేనెప్పుడైనా మధ్యలో పూయగా చూశావా?”

“ఎప్పుడు చూడనిచ్చావు? ఇంధనం పని మొదలెడితే నన్నూ అన్నయ్యనీ బయటికి తోలి గొళ్ళెం పెట్టేవాడివి. కిటికీలోంచి చూస్తే నీ వీపు కనపడేది, నీ చేతిలో కుంచె కనపడేది. మొత్తం పూస్తున్నావనుకున్నాను.”

మావయ్య నవ్వు ఆగిపోయింది. “సరే. సుద్దేమీ దండగ కాదులే. చేతి పంపు అందుకో.”

బయట ఏదో బండి చక్రాల చప్పుడు. పక్క షెడ్డు మనుషులు నలుగురు తమ నల్లకారుని ట్రాక్ వైపు తోసుకుపోతున్నారు. ఐదింటికి దాని పరీక్ష పరుగు. చూడ్డానికి జనం అప్పుడే గ్యాలరీ ఎక్కుతున్నారు.

“వాళ్ళ డ్రైవర్ భుజం విరిగి మంచంలో ఉన్నాడుగా. ఎవరిని ఎక్కిస్తున్నారో!” అంది చిట్టి.

మావయ్య చేతిలో కిరసనాయిలు క్యాను మూత ఒక క్షణం ఆగింది. “మన పని చూద్దాం.”

కిరసనాయిలు ఎక్కించారు. చేతి పంపు పిడి చిట్టి కొడుతుంటే గేజి మీద ముల్లు మెల్లగా లేచింది. పరుగులో ఈ గొట్టంలో ఉండేది ఎనభై పౌన్ల ఒత్తిడి. మావయ్య నూట అరవై దాకా కొట్టమన్నాడు.

“ఇప్పుడు ముట్టుకోకు. మాట్లాడకు. చూడు.”

చూడటం కూడా ఒక పనేనని చిట్టికి ఆ రోజే తెలిసింది. మావయ్య నడుము వంచి, చేతులు వెనక్కి కట్టుకుని, గొట్టం వెంట ఒక్కో అంగుళం నడిచాడు. ఊపిరి తగిలితే సుద్ద చెమ్మగిల్లుతుందని నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. ఆరు సెకన్ల పరుగు కోసం అరగంట నడిచే మనిషి. పై కిటికీలోంచి పడిన ఎండపట్టీలో ఆ గొట్టం పాలగీతలా మెరుస్తోంది. లోపల నూట అరవై పౌన్ల కోపం. పైన చిన్న చప్పుడు కూడా లేదు. ఇంత శక్తిని ఇంత సన్నటి దారిలో బుద్ధిగా నడిపించడమే ఈ పనంతా. కారు వేగం అందరికీ కనపడుతుంది. ఈ మౌనాన్ని ఎవరూ చూడరు.

ఈ మౌనమే పోయినేడు చెదిరింది.

మెథనాల్ మంటకు రంగు లేదు, పొగ లేదు. పట్టపగలు ఎండలో అసలు కనపడదు. ఆ మధ్యాహ్నం కారు గీత దాటి ఆగింది. లోపల అన్నయ్య రెండు చేతులూ పైకెత్తి ఊపుతున్నాడు. గెలిచిన సంబరం అనుకున్నారు అందరూ. గ్యాలరీ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. చిట్టి కూడా కొట్టింది. ఈల కూడా వేసింది. వెనక ఇంజను పక్కన ఎర్రరంగు దానంతటదే బుడగలుగా లేవడం చూసినవాడు ఒక్కడే. ఆ వయసులో మావయ్య అంత వేగంగా పరుగెత్తగలడని ఎవరూ అనుకోలేదు. ఖాళీగా కనపడే గాలిలోకి చేతులు పెట్టి మేనల్లుడిని బయటికి లాగాడు.

తన చప్పట్ల చప్పుడు చిట్టికి ఇప్పటికీ నిద్రలో వినపడుతుంది.

“చిట్టీ.”

మావయ్య గొంతు మారింది. ఆయన ఇంజను వైపు చివరలో, ఆఖరి జాయింటు దగ్గర వంగి ఉన్నాడు. చిట్టి చూసింది. సుద్ద మీద గోరంత మచ్చ, బూడిదరంగులో. చూస్తుండగానే కందిగింజంత అయింది.

“అదే చోటు,” అన్నాడు మావయ్య. మొహంలో నెత్తురు లేదు. “పోయినేడు వాణ్ణి లాగుతుంటే చూశాను. ఈ జాయింటు నుంచే చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి. నా చేత్తో బిగించిన జాయింటు.”

“ఇది నేను బిగించాను మావయ్యా. నువ్వు కాదు.”

ఆయన విన్నట్టు లేదు. స్పానర్ తీసుకున్నాడు. ఒత్తిడి దించి, పావు చుట్టు బిగించి, మచ్చ తుడిచి, మళ్ళీ సుద్ద పూసి, అది ఆరేదాకా అట్టముక్కతో విసిరి, మళ్ళీ పంపు కొట్టించాడు. మచ్చ మళ్ళీ వచ్చింది. ఇంకాస్త బిగించాడు. అయినా వచ్చింది.

“నేను పనికిరాను. నాకు చూపు పోయింది, చెయ్యి పోయింది.” స్పానర్ నేల మీద పెట్టేశాడు. “రేపు కారుని పంపకు. నా మాట విను. వాడి చేతులు తిన్నాను, చాలు.”

చిట్టి చూపు జాయింటు మీద లేదు. అక్కడికి రెండడుగుల ఇవతల, గొట్టం నడుమన, ఏ జాయింటూ లేని చోట ఉంది.

“మావయ్యా, ఇక్కడ కూడా తడి ఉంది.”

“చెమట చుక్క పడి ఉంటుంది.”

“నా మొహం అక్కడ పెట్టలేదు. చూడు.”

ఆయన మోకాళ్ళ మీదే పాకుతూ వచ్చాడు. రబ్బరు గొట్టానికి పైన తొడిగిన సన్నటి ఉక్కు తీగల అల్లిక సందుల్లోంచి సుద్ద మెల్లగా నల్లబడుతోంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఇద్దరూ ఒకేసారి గొట్టం వెంట పైకి చూశారు.

నాలుగు అడుగుల అవతల ఇంకొకటి. దానికి నాలుగు అడుగుల అవతల మరొకటి.

ఎవరో కొలిచి పెట్టినట్టున్నాయి ఆ మచ్చలు. మావయ్య టేపు లాగాడు. మొదటి దానికీ రెండో దానికీ నాలుగడుగుల రెండంగుళాలు. రెండో దానికీ మూడో దానికీ నాలుగడుగుల రెండంగుళాలు.

“ఈ గొట్టం ఎక్కడిది?” అడిగాడు. గొంతు గుసగుసలా ఉంది.

“మన గొట్టం చుట్టలోదే. కొత్తది, ఎప్పుడూ వాడలేదు. అదిగో, గోడకి...”

చూపించబోయి, అప్పుడు గమనించింది చిట్టి.

గోడ మీద రెండో మేకుకు గొట్టం చుట్ట వేలాడుతోంది. రెండేళ్ళుగా అక్కడే ఉంది. పైకి వెండిలా మెరుస్తూ, చేయి తగలని కొత్త సరుకులా. బరువంతా ఒక్క సన్నటి మేకు మీద. ప్రతి చుట్టూ ఆ మేకు దగ్గరే నొక్కుకుపోయి, వంగిపోయి ఉంది.

మావయ్య చుట్ట దించాడు. ఒక చుట్టు విప్పి టేపు పెట్టాడు. వంపు నుంచి వంపుకి నాలుగడుగుల రెండంగుళాలు.

ఆయన కత్తెర తీసుకుని వంపు దగ్గర అల్లిక కత్తిరించాడు, లోపలి రబ్బరుని బ్లేడుతో నిలువునా చీల్చి పుస్తకంలా తెరిచాడు. రబ్బరు నల్లగా నునుపుగా ఉంది. ఒక్క ఆ వంపు చోట మాత్రం ఎండిన పెదవిలా పగిలి ఉంది.

“చుట్ట కొత్తగా ఉన్నప్పుడు అన్నయ్య కారుకి కోశావు నువ్వు,” అంది చిట్టి, ఒక్కో మాట కూడదీసుకుంటూ. “అప్పటికే మేకుకు వేలాడిందా?”

“ఆరు నెలలు. అప్పుడు పరీక్ష చేస్తే ఏ మచ్చా రాలేదు. పగులు లోతుగా లేదు. పరుగులో కుదుపుకీ వేడికీ తెరుచుకుంది.” ఆయన వేలు గొట్టం నడుమ నుంచి చివరి జాయింటు దాకా నడిచింది. “పగులులోంచి వచ్చిన ఇంధనం పైకి ఎక్కువగా రాలేదు. అల్లిక కిందనుంచే పాకింది. పాకి పాకి ఎక్కడ దారి దొరికితే అక్కడ కారింది. జాయింటు అంచు దగ్గర.”

ఆఖరి జాయింటు దగ్గరికి మళ్ళీ వెళ్ళాడు. కళ్ళు చిట్లించి చూశాడు. నట్టు మీద పూసిన సుద్ద తెల్లగా, పొడిగా ఉంది. తడి అంతా నట్టు ఇవతల, అల్లిక ఆగిపోయిన అంచు చుట్టూ ఉంగరంలా.

“మరలోంచి ఒక్క చుక్క రాలేదు,” అన్నాడు. “నా జాయింటు కాదే అది.”

ఆ మాట అనేసి నేల మీద కూలబడ్డాడు. సుద్ద చేతులతో మొహం కప్పుకున్నాడు. వేళ్ళ మధ్యనుంచి కారిన కన్నీళ్ళు సుద్ద మీద బూడిదరంగు గీతలు గీశాయి. చిట్టి పక్కన కూర్చుని ఆయన భుజం పట్టుకుంది. అరవై ఏళ్ళ మనిషి. ముప్పై ఏళ్ళుగా ప్రతి జాయింటుకూ సుద్ద పూసిన మనిషి. జాయింటుకీ జాయింటుకీ మధ్య ఒక్కసారి కూడా పూయలేదు. కిటికీలోంచి తప్పుగా చూసి, తప్పుగా నేర్చుకున్న పిల్ల మొత్తం పూసింది. గొట్టం గుట్టు బయటపడింది.

“తనిఖీ ఆయన్ని ఒక రోజు గడువు అడుగుతాను. కొత్త గొట్టం తెచ్చి...” చిట్టి చుట్ట వైపు చూస్తూ మొదలెట్టి, సగంలో ఆగింది.

చుట్ట సగమే ఉంది.

అన్నయ్య కారుకి పద్నాలుగు అడుగులు. తనకి పద్నాలుగు అడుగులు. అయినా ఇంకా ఉండాలి. పోయిన నెల పక్క షెడ్డు ఆయన తలుపు దగ్గర నిలబడి, ‘అమ్మాయ్, కొత్త గొట్టం ఉంటే కాస్త ఇస్తావా, మాది అరిగిపోయింది’ అన్నాడు. తనే కోసి ఇచ్చింది. మెరుస్తున్న చోట చూసి మరీ కోసింది.

“మావయ్యా, నల్లకారులో ఉన్నది ఈ గొట్టమే.”

మావయ్య మొహం మీదనుంచి చేతులు తీశాడు. చిట్టి ఇలాంటి చూపు ఆయన కళ్ళలో ఒక్కసారే చూసింది, పదకొండు నెలల కింద.

“ఎవరే నీకు చెప్పింది?”

“నేనే ఇచ్చాను. ఏం? ఎందుకలా చూస్తున్నావు? దాన్ని ఎవరు నడుపుతున్నారు?”

ఆయన గోడ వైపు చూశాడు. మూడో మేకు ఖాళీగా ఉంది. దానికి తగిలించి ఉండాల్సిన అన్నయ్య హెల్మెట్ లేదు. నాలుగో మేకు మీద చేతి తొడుగులు కూడా లేవు.

“పొద్దున మా ఇంటికి వచ్చాడు వాడు,” అన్నాడు మావయ్య. “పిడికిలి బిగించి చూపించాడు. ‘చేతులు మళ్ళీ పట్టుకుంటున్నాయి మావయ్యా, ఈ రోజు నడుపుతున్నాను. చిట్టికి చెప్పకు, తనిఖీ ముందు దానికి చెయ్యి వణుకుతుంది. నువ్వు వెళ్ళి దాని గొట్టాలు చూడు, అప్పుడు నేను హాయిగా కూర్చుంటాను’ అన్నాడు. అందుకే వచ్చాను.”

చిట్టి ఫోను తీసి అన్నయ్య నంబరు నొక్కింది. బల్ల సొరుగులో మోగింది. పక్క షెడ్డు ఆయన నంబరు నొక్కింది. మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. గోడ గడియారం ఐదుకి ఐదు నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

ఇద్దరూ పరుగెత్తారు. షెడ్ల వరస దాటితే కంచె, కంచె దాటితే ట్రాక్. సగం దూరంలో మావయ్య మోకాలు పట్టేసింది. “నువ్వు పో!” అని అరిచాడు. చిట్టి వెనక్కి చూడకుండా పరుగెత్తింది. కంచె ఇనుప తీగలు చేతికి అందిన క్షణానే అవతల నల్లకారు గర్జించింది. కాళ్ళ కింద నేల అదిరింది, తీగలు అరచేతుల్లో వణికాయి.

ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఐదు. ఆరు.

గర్జన ఆగింది. ట్రాక్ అంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. గ్యాలరీ వెనక వైపు నుంచి ఆమెకు కారు కనపడటం లేదు, జనం వీపులే కనపడుతున్నాయి.

ఆ వీపులన్నీ ఒక్కొక్కటిగా లేచి నిలబడ్డాయి. చప్పట్లు మొదలయ్యాయి.